చుక్క కారకపోతే గొట్టం బాగున్నట్టేనా?

మా గోదావరి డెల్టాలో బాయిలర్ పొగగొట్టం కనపడని దారి తక్కువ. మండపేట నుంచి తాడేపల్లిగూడెం దాకా ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊక మండించే బాయిలర్లు. చెరకు పిప్పితో నడిచే చక్కెర మిల్లులు. రాజమండ్రిలో కాగితం మిల్లు, కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ, విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరిల్లో గ్యాస్ కరెంటు కేంద్రాలు. వీటన్నిటిలో ఉన్నదాన్ని మనం బాయిలర్ అనే అంటాం. అన్నిటికీ ఒకేలా భయపడతాం, చన్నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చుక్క కారుతుందేమో చూసే హైడ్రో పరీక్షే అన్నిటికీ పెడతాం. నా అభ్యంతరం అక్కడే.

బియ్యం మిల్లులో చదరపు సెంటీమీటరుకి పది కేజీల ప్రెజర్ దగ్గర ఆవిరి వేడి 185 డిగ్రీలు. చక్కెర మిల్లుల్లో ఇప్పుడొస్తున్న, మిల్లు నడపడంతో పాటు కరెంటు కూడా తీసే కోజనరేషన్ బాయిలర్‌లో ప్రెజర్ 110 కేజీలు, ఆవిరి 540 డిగ్రీలు. ఈ రెండు చోట్లా ఉక్కు ఒకే వస్తువులా ప్రవర్తించదు. బాయిలర్ల గురించి మన పెద్దవాళ్లు సంపాదించిన జ్ఞానమంతా మొదటి రకం దగ్గర పుట్టింది. ఆ జ్ఞానంతోనే రెండో రకాన్ని నడుపుతున్నాం. పైపుల లోహాన్ని పరీక్షించడం నా వృత్తి. ఈ మాట మిల్లుల్లో చెప్పీ చెప్పీ, ఇక రాసి పెట్టడమే మంచిదనిపించింది.

తక్కువ వేడి దగ్గర ఉక్కు మాట తప్పదు. అది మోయగలిగినంత బరువు పెడితే కొద్దిగా సాగి ఆగిపోతుంది, బరువు తీస్తే వెనక్కి వస్తుంది. ఇవాళ మోసిన బరువును ఇరవై ఏళ్ల తర్వాత కూడా మోస్తుంది. తుప్పు పట్టకుండా, మందం తగ్గకుండా చూసుకుంటే చాలు. వేడి ఒక హద్దు దాటాక ఈ హామీ ఉండదు. మామూలు కార్బన్ ఉక్కుకి ఆ హద్దు 400 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కులకి ఇంకాస్త పైన. అక్కడి నుంచి బరువు పెరగకపోయినా, వేడి పెరగకపోయినా ఉక్కు సాగుతూనే ఉంటుంది. దీన్నే క్రీప్ అంటారు. కోనసీమ పాత పెంకుటిళ్లలో దూలాలు చూడండి. ఎక్కించిన నాడు తిన్నగా ఉన్న టేకు దూలం, అదే కప్పు బరువు కింద రెండు తరాలు గడిచేసరికి నడుం వంచుతుంది. ఫలానా రోజున వంగిందని ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేరు.

ఈ సాగడం మూడు దశల్లో జరుగుతుంది. మొదట కాస్త జోరుగా సాగి నెమ్మదిస్తుంది. తర్వాత చాలా ఏళ్లు దాదాపు ఒకే వేగంతో, కొలిస్తే తప్ప తెలియనంత నెమ్మదిగా సాగుతుంది. చివరి దశలో వేగం పుంజుకుని పగులు దాకా వెళ్తుంది. జనం మోసపోయేది రెండో దశలో. పదేళ్లుగా ఏమీ కాలేదంటే ఇక ముందూ ఏమీ కాదనుకుంటారు. ఆ పదేళ్లలో గొట్టం తన ఆయుష్షు ఖర్చు పెట్టుకుంటూనే ఉంటుంది.

లోపల జరిగేది చూస్తే ఉక్కు మీద గౌరవం పెరుగుతుంది. మన వైపు స్టీమ్ లైన్లలో ఎక్కువగా కనిపించే మిశ్రమం పీ-22. రెండుంపావు శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం. కొత్తగా ఉన్నప్పుడు దీని బలానికి ఒక ముఖ్య కారణం సన్నటి సూదుల్లాంటి మాలిబ్డినం కార్బైడ్లు, అంటే మాలిబ్డినం కార్బన్‌తో కలిసి కట్టిన గట్టి రేణువులు. లోహం సాగాలంటే అందులోని పరమాణువుల వరుసలు ఒకదాని మీద ఒకటి జారాలి. ఈ సూదులు ఆ జారుడికి అడ్డుపడతాయి. ఏళ్ల తరబడి వేడిలో ఉంటే సన్న రేణువులు కరిగిపోయి, ఆ పదార్థమంతా పెద్ద రేణువుల్లోకి చేరుతుంది. రేణువుల సంఖ్య తగ్గుతుంది, వాటి మధ్య ఎడం పెరుగుతుంది, జారడానికి దారి దొరుకుతుంది. మిశ్రమంలో ఏ మూలకమూ తగ్గదు. రసాయన పరీక్ష చేయిస్తే అంకెలన్నీ కొత్త గొట్టం అంకెల్లాగే వస్తాయి. బలం మాత్రం పోయి ఉంటుంది.

దీనికన్నా మెరుగైనది పీ-91. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో 1970ల్లో రూపుదిద్దుకుని, 1980ల మొదట్లో ప్రమాణాల్లోకి ఎక్కింది. తొమ్మిది శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం, చిటికెడు వెనేడియం, నియోబియం, నైట్రోజన్. దీన్ని 1050 డిగ్రీల ప్రాంతంలో కాల్చి చల్లారుస్తారు. తర్వాత 760 ప్రాంతంలో మళ్లీ వేడి చేసి పదును తగ్గిస్తారు. అప్పుడు లోపల సన్న పలకలు పేర్చినట్టు ఒక నిర్మాణం ఏర్పడుతుంది. ఆ పలకల అంచుల్ని క్రోమియం కార్బైడ్లు పట్టి ఉంచుతాయి. పలకల లోపల, మామూలు మైక్రోస్కోపుకి అందనంత చిన్న వెనేడియం, నియోబియం రేణువులు కాపలా ఉంటాయి. ఈ ఉక్కు గొప్పతనమంతా ఈ ఏర్పాటులో ఉంది. దాని బలహీనతా అక్కడే ఉంది. వాడకంలో క్రోమియం కార్బైడ్లు ముదురుతాయి. లేవ్స్ ఫేజ్ అనే కొత్త పదార్థం పుట్టి మాలిబ్డినాన్ని తనలోకి లాక్కుంటుంది. చాలా కాలానికి జెడ్ ఫేజ్ అనే ఇంకొకటి పుట్టి ఆ చిన్న కాపలా రేణువుల్నే తినేస్తుంది. పలకలు వెడల్పవుతాయి, లోహం మెత్తబడుతుంది.

చివరికి లోహంలోని స్ఫటికాల సరిహద్దుల మీద ఖాళీలు పుడతాయి. మొదట అక్కడొకటి ఇక్కడొకటి. తర్వాత లాగుతున్న దిశకు అడ్డంగా వరుస కడతాయి. వరుసలు కలిసి సన్న పగులు, ఆ తర్వాత కంటికి కనిపించే పగులు. ఈ నాలుగు మెట్ల వర్గీకరణ 1980ల నుంచి వాడుకలో ఉంది. మొదటి మెట్టు మీద కనిపెడితే ఏళ్ల వ్యవధి దొరుకుతుంది. నాలుగో మెట్టు మీద కనిపెడితే ఆ గొట్టం కోసేయడం తప్ప దారి లేదు.

ఇక వేడి లెక్క. 1952లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు లార్సన్, మిల్లర్ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చేతిలో కాలిక్యులేటర్ ఉన్న ఎవరైనా వాడుకోవచ్చు. వేడిని కెల్విన్‌లోకి మార్చి, గంటల లాగరిథంకు (పది ఆధారంగా) 20 కలిపి, రెండింటినీ గుణించాలి. ఒకే ఒత్తిడి దగ్గర ఆ లబ్ధం మారదన్నది వాళ్ల అంచనా. ఒక గొట్టం 550 డిగ్రీల దగ్గర లక్ష గంటలు వస్తుందనుకోండి. అదే గొట్టం 560 దగ్గర ఎంత? సుమారు 50 వేలు. 570 దగ్గర 25 వేలు. 580 దగ్గర 13 వేలు. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. కంట్రోల్ రూములో స్క్రీన్ మీద అంకె పది డిగ్రీలు పెరిగితే మన దగ్గర ఎవరైనా కుర్చీలోంచి లేస్తారా? లోడు పెంచమని పైనుంచి ఫోన్ వచ్చిన రోజున, పిప్పి తడిగా ఉండి మంట అటూ ఇటూ ఊగిన రోజున, పది డిగ్రీల్ని లెక్కలోకే తీసుకోరు. పైగా స్క్రీన్ చూపించేది ఆవిరి వేడి. ఆవిరిని మరింత వేడెక్కించే సూపర్ హీటర్ ట్యూబు లోహం దానికన్నా వేడిగా ఉంటుంది. ట్యూబు లోపల ఆవిరి తగిలి ఇనుప ఆక్సైడు పొర పెరిగేకొద్దీ ఆ తేడా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఆ పొర వేడిని ఆవిరిలోకి పోనివ్వదు. ట్యూబు ముసలిదయ్యేకొద్దీ ఇంకా వేడెక్కుతుందన్న మాట.

ఇదంతా చెప్పాక కూడా నాకు ఎదురయ్యే జవాబు ఒకటే. "హైడ్రో చేశాం కదండీ, చుక్క కారలేదు." చెప్పేవాళ్లు బాధ్యత లేనివాళ్లు కాదు. చాలామంది నాకంటే పెద్దవాళ్లు, బాయిలర్ మంట చూసే ఫైర్‌మ్యాన్‌గా చేరి ఇంజనీరు స్థాయికి ఎదిగినవాళ్లు. హైడ్రో టెస్ట్ మీద వాళ్ల నమ్మకానికి కారణం ఉంది. వాళ్లు పని నేర్చుకున్న చక్కెర మిల్లుల్లో ఆవిరి 21 కేజీలు, 340 డిగ్రీలు. అక్కడ గొట్టాన్ని చంపేది తుప్పు, పొక్కు, నీటి ఉప్పు పేరుకుని ట్యూబు కాలిపోవడం. ఆ జబ్బులున్న గొట్టంలో చన్నీళ్లు నింపి, పనిచేసే ఒత్తిడి కంటే ఎక్కువ పెడితే, బలహీనమైన చోట నీరు కారి తీరుతుంది. ఆ బాయిలర్లకి అది న్యాయమైన పరీక్ష.

క్రీప్ జబ్బుకి మాత్రం అది చెల్లదు. చన్నీళ్ల వేడి దగ్గర క్రీప్ జరగదు. సరిహద్దుల మీద ఖాళీలు మొదలైన గొట్టానికి కూడా చల్లగా ఉన్నప్పుడు బలం దాదాపు మామూలుగానే ఉంటుంది. అరగంట నీటి ఒత్తిడిని తేలిగ్గా తట్టుకుంటుంది. రేపు 540 డిగ్రీల దగ్గర మరో పదివేల గంటలు నిలుస్తుందా అన్నది మన ప్రశ్న, ఇవాళ 30 డిగ్రీల దగ్గర అరగంట నిలిచింది అన్నది మనకు దొరికిన జవాబు. ఆ సర్టిఫికెట్ ఫైల్లో ఉండాల్సిందే. లీకులు పట్టుకోవడానికి, వెల్డుల్లో పెద్ద లోపాలు పట్టుకోవడానికి హైడ్రో కావాలి. దాన్ని ఆయుష్షుకి సాక్ష్యంగా చూపించడం మీదే నా గొడవ.

ఒక మిల్లులో 485 డిగ్రీల స్టీమ్ లైన్ మీద పని చేస్తున్నప్పుడు గొట్టం చుట్టూ వేడి ఆపే లాగింగ్ విప్పించి, మిశ్రమం ఏమిటో చెప్పే చేతి యంత్రాన్ని ముక్క ముక్కకీ పెట్టాం. లైనంతా పీ-22 అని డ్రాయింగ్. వంపు దగ్గర జానెడు ముక్క మాత్రం ఉత్త కార్బన్ ఉక్కు. సీజను నడిమధ్యలో ఎప్పుడో రిపేరు వస్తే, దొరికిన ముక్క పెట్టి అతికి, అల్యూమినియం రంగు వేశారు. ఆ తర్వాత హైడ్రోలన్నీ పాసయ్యాయి. వ్యాసం కొలిస్తే పక్క గొట్టం కంటే ఉబ్బి ఉంది. లోహపు నిర్మాణంలో పొరలు పొరలుగా ఉండాల్సిన కార్బైడు ఉండలు కట్టి ఉంది. అది పగిలే చోటుకి నాలుగు అడుగుల దూరంలో వాల్వు తిప్పే మనిషి నిలబడే ప్లాట్‌ఫాం ఉంది. రంగు వేసిన గొట్టాల్లో కార్బన్ ఉక్కుకీ పీ-22కీ పీ-91కీ కంటికి తేడా తెలియదు. మూతపడ్డ మిల్లుల నుంచి సెకండ్ హ్యాండ్ గొట్టాలు చేతులు మారే చోట ఇది ఇంకా పెద్ద సమస్య. కొన్నవాడికి మిశ్రమం తెలియదు, ఎన్ని గంటలు ఎంత వేడిలో గడిపిందో అంతకన్నా తెలియదు.

ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు. 1985 జూన్‌లో అమెరికాలోని నెవాడాలో మొహావీ కరెంటు కేంద్రంలో, టర్బైన్‌కి తిరిగి వేడిచేసిన ఆవిరిని తీసుకెళ్లే పెద్ద గొట్టం, తన పొడవునా సాగే నిలువు వెల్డు వెంట చీలిపోయింది. ఆరుగురు చనిపోయారు. ఆవిరి 540 డిగ్రీల ప్రాంతంలో ఉండేది, ఆ కేంద్రం మొదలై పద్నాలుగేళ్లు. ఆ తర్వాతే అక్కడి కేంద్రాలన్నీ తమ నిలువు వెల్డుల్ని వెతుక్కుంటూ వెళ్లాయి. 2014లో మన కోనసీమ నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలినప్పటి దుఃఖం డెల్టాలో ఇంకా తడారలేదు. అది నేల కింద చల్లటి పైపు, దాన్ని తిన్నది తుప్పు. క్రీప్‌తో దానికి సంబంధం లేదు. కానీ బయటికి ఏ జాడా లేకుండా లోపల చెడిపోయే గొట్టం పక్కన బతకడమంటే ఏమిటో మన వాళ్లకి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

వెల్డుల గురించి కాస్త ఆగి చెప్పాలి. ఈ ఉక్కుల్లో అసలు గొట్టం కంటే వెల్డు పక్కన వేడి తగిలిన సన్నటి పట్టీ బలహీనం. వెల్డింగ్ వేడికి అక్కడి నిర్మాణం సగం సగం మారి చిన్న స్ఫటికాలుగా మిగిలిపోతుంది. వాడకంలో పగులు చాలాసార్లు సరిగ్గా అక్కడే, చర్మం కింద మొదలై పైకి వస్తుంది. దీన్ని నాలుగో రకం పగులు అంటారు. పీ-91లో ఇది మరీ ముఖ్యం. వెల్డుకి ముందు 200 డిగ్రీల దాకా వేడి చేయాలి. వెల్డయ్యాక వంద డిగ్రీల లోపుకి చల్లారనిచ్చి, మళ్లీ 750 దాటించి గంటల తరబడి నిలకడగా ఉంచాలి. మధ్యలో కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే, వేడి కొలిచే థర్మోకపుల్ ఊడిపోయి వేడి ఎక్కడికో వెళ్లిపోతే, అక్కడ తయారయ్యేది పేరుకి పీ-91, బలానికి దానికన్నా తక్కువ రకం ఉక్కు. వెల్డు చూడముచ్చటగా ఉంటుంది. ఎక్స్‌రేలో లోపం కనపడదు. కాఠిన్యం కొలిచినవాడికే తెలుస్తుంది. డెల్టాలో చేయి తిరిగిన వెల్డర్లకి కొదవ లేదు. కానీ వెల్డు అయ్యాక జరిగే వేడి చికిత్సని చాలా చోట్ల రాత్రి షిఫ్టు కుర్రాడికి వదిలేస్తారు. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే.

శాస్త్రవేత్తలు కూడా ఈ ఉక్కుల్ని తొందరపడి నమ్మిన సందర్భం ఉంది. క్రోమియం ఇంకాస్త పెంచి 12 శాతం చేస్తే ఆవిరి వేడిని ఇంకా పైకి తీసుకెళ్లొచ్చని ఆశపడ్డారు. కొద్ది వేల గంటల పరీక్షల్లో ఆ ఉక్కులు అద్భుతంగా కనిపించాయి. పదుల వేల గంటలు దాటేసరికి జెడ్ ఫేజ్ త్వరగా పుట్టి బలం గీత కిందికి వంగిపోయింది, అనుమతించిన ఒత్తిడి అంకెల్ని తగ్గించాల్సి వచ్చింది. అందుకే నాకు జపాన్ వాళ్ల ఓపికంటే గౌరవం. వాళ్ల జాతీయ లోహ పరిశోధన సంస్థ 1969లో ఒక కార్బన్ ఉక్కు ముక్కకి 400 డిగ్రీల దగ్గర బరువు వేలాడదీసింది. ఆ ఒక్క పరీక్షే 40 ఏళ్లు దాటి నడిచి, 2011లో ప్రపంచ రికార్డు అయింది. మొదలుపెట్టిన చేతులు వేరు, అంకె చదివిన కళ్లు వేరు. మన దేశంలో జంషెడ్‌పూర్ జాతీయ లోహ ప్రయోగశాలలో, కల్పాక్కంలో క్రీప్ పరీక్షలు ఏళ్ల తరబడి సాగుతున్నాయి. అలాంటి ఓపికతో వచ్చిన అంకెల మీద నిలబడ్డ గొట్టానికి, మనం రోజువారీ లాగ్‌బుక్ కూడా దాచకపోతే ఎలా?

వయసుని ఏళ్లలో చెప్పుకోవడం కూడా మానాలి. లక్ష గంటలంటే ఆగకుండా నడిస్తే పదకొండున్నర ఏళ్లు. నవంబరులోనో డిసెంబరులోనో మొదలై ఏప్రిల్‌కి ఆగిపోయే చక్కెర మిల్లు, ఏడాదికి మూడు వేల గంటల లెక్కన, అక్కడికి చేరడానికి ముప్ఫై ఏళ్లు దాటుతుంది. అదే మిల్లు కరెంటు అమ్మకం కోసం మిగతా నెలల్లో ఊకో బొగ్గో వేసి నడిపితే ఆ లెక్క తారుమారవుతుంది. గ్యాస్ కేంద్రాలది ఇంకో కథ. కేజీ బేసిన్‌లో గ్యాస్ తగ్గిపోయాక వాటిలో చాలావరకు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. క్యాలెండర్ ప్రకారం ముసలివి, గంటల ప్రకారం పడుచువి. కానీ అలాంటిదాన్ని అప్పుడప్పుడూ వేడెక్కించి చల్లార్చి నడిపితే, ట్యూబులన్నీ వచ్చి కలిసే మందపాటి హెడర్ గొట్టం పైనొక వేడి, లోపలొక వేడితో సాగి ముడుచుకుంటుంది. ఆ అలసట, క్రీప్ రెండూ కలిస్తే విడివిడిగా చేసే నష్టం కంటే ఎక్కువ చేస్తాయి. కాబట్టి గంటలతో పాటు ఎన్నిసార్లు ఆపి లేపారన్నదీ రాసుకోవాలి.

భారత బాయిలర్ నిబంధనలు ఈ సంగతి గుర్తించాయి. 400 డిగ్రీలు, ఆపైన పనిచేసే భాగాలకి లక్ష గంటలయ్యాక మిగిలిన ఆయుష్షు అంచనా వేయాలని అందులో ఉంది. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. నా ఫిర్యాదు నిబంధన మీద కాదు. లక్ష గంటలన్న అంకె, డిజైన్ వేడి దగ్గరే నడిపిన బాయిలర్‌కి పనికొస్తుంది. పదిహేను డిగ్రీలు ఎక్కువగా నడిపిన దానికి అప్పటికే ఆలస్యం. ఏ వేడి దగ్గర ఎన్ని గంటలు నడిచిందో లెక్క దగ్గరుంటేనే లక్ష దాకా ఆగొచ్చో లేదో తెలుస్తుంది. కంప్యూటర్ రికార్డుల్ని ఏడాదికోసారి చెరిపేస్తున్న మిల్లులున్నాయి. హార్డ్ డిస్క్ ధర ఎంతని?

ఖర్చు మాట తప్పకుండా వస్తుంది. చెరకు రైతుకి బకాయిలు పడ్డ మిల్లుకి ఇంకో పరీక్ష అంటే బరువే, ఆ ఇబ్బంది నేను కళ్లారా చూస్తున్నాను. కానీ నేనడిగేది లైనంతా మార్చమని కాదు, రెప్లికా తీయించమని. రెప్లికా అంటే గొట్టం మీద అరచేతిలో సగం మేర సాన పట్టి, నునుపు చేసి, యాసిడ్ తుడిచి, అసిటోన్‌తో తడిపిన పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి తీయడం. ఉక్కు ముఖం అచ్చు ఆ పొర మీద దిగుతుంది, దాన్ని మైక్రోస్కోపు కింద చూస్తాం. గొట్టం కోయనక్కర్లేదు. షట్‌డౌన్ ఎలాగూ ఉన్న రోజుల్లోనే అయిపోతుంది.

వచ్చే సీజను ముందు లాగింగ్ విప్పే మిల్లుల వాళ్లు మొదట సూపర్ హీటర్ ఔట్‌లెట్ హెడర్ దగ్గరి వెల్డులు తీసుకోండి. తర్వాత మెయిన్ స్టీమ్ లైన్‌లో మొదటి వంపు, దాని బయటి వైపు. ముక్క ముక్కకీ మిశ్రమం చూడండి, పీ-91 అయితే కాఠిన్యం కూడా. లైనుని పైనుంచి పట్టి మోసే స్ప్రింగ్ హ్యాంగర్ల సూచికలు వేడిగా ఉన్నప్పుడు ఎక్కడున్నాయో, చల్లారాక ఎక్కడున్నాయో రాయండి. బిగుసుకుపోయిన ఒక్క హ్యాంగర్ లైను బరువంతా ఒక వెల్డు మీదికి నెడుతుంది. వ్యాసం కొలిచిన చోట పంచ్ గుర్తు పెట్టండి, రెండేళ్ల తర్వాత వచ్చేవాళ్లు సరిగ్గా అక్కడే కొలవాలి.